పురుగుల్ని పెంచే వంటిల్లు

(రేడియో ప్రసంగ పాఠం)

నేను సింగపూర్‌లోని యూ టీ నుంచి మాట్లాడుతున్నాను. ఇతర దేశాల్లో వింటున్నవారి కోసం ఒక్క మాట. ద్వీపానికి వాయవ్యాన ఉన్న చువా చు కాంగ్ పట్టణంలో మా పేట ఒక భాగం. యూ టీ అంటే టియోచ్యూ భాషలో నూనె చెరువు అని అర్థం. ఇక్కడ 1996లో ఎం.ఆర్.టి. స్టేషన్ వచ్చింది. ఇప్పుడు ఎటు చూసినా హెచ్.డి.బి. బ్లాకులే. అయినా ఏ అంతస్తులో తెలుగువాళ్ళున్నారో కనిపెట్టడం కష్టం కాదు. గుమ్మం ముందు కుండీలో కరివేపాకు ఉంటుంది, దాని పక్కన మందారమో తులసో ఉంటుంది. ఆ మందారం కొమ్మల సందుల్లో దూది అంటించినట్టు తెల్లగా పిండినల్లి కూడా ఉంటుంది!

ఈ రోజు నేను చెప్పబోయేది ఆ పిండినల్లిని చంపే మందు గురించి కాదు. పురుగుల్ని తినే పురుగుల్ని మనుషులు లక్షల్లో ఎలా పెంచుతారు, ఎందుకు పెంచుతారు అన్న సంగతి. నేను కీటకశాస్త్రం చదువుకున్నాను. సింగపూర్ రాకముందు కోస్తాలో ఒక జీవ నియంత్రణ ల్యాబ్‌లో మూడేళ్ళు పనిచేశాను. ఆ మాట తెలిసిన దగ్గర నుంచీ నన్ను రెండు రకాల వాళ్ళు పలకరిస్తూ ఉంటారు. కుండీలో పురుగు పట్టిందని అడిగేవారు ఒక రకం. రెండో రకం వారిది ఫోను మీద సేద్యం. ఊళ్ళో కొబ్బరితోటో, మామిడితోటో, రెండెకరాల మిరపో ఉంటుంది. చూసుకునేది అన్నదమ్ములో, కౌలు రైతో. ఏదైనా తెగులు వస్తే "మందు కొట్టాలి, డబ్బు పంపించు" అని ఫోను వస్తుంది. పంపాలా వద్దా అన్నది ఇక్కడ కూర్చుని తేల్చుకోవాలి. ఈ ప్రసంగం ముఖ్యంగా వారి కోసం.

పురుగుల్ని కర్మాగారంలో తయారుచెయ్యడం అంటే కొందరికి నవ్వులాటగా ఉంటుంది. కానీ సింగపూర్ వాళ్ళకి ఇది కొత్త కాదు. జాతీయ పర్యావరణ సంస్థ 2016 నుంచి వోల్బాకియా అనే బాక్టీరియా ఉన్న మగ దోమల్ని పేటల్లో వదులుతోంది. ఆ మగ దోమలతో కలిసిన ఆడ దోమలు పెట్టే గుడ్లు పొదగవు. మగ దోమలు కుట్టవు కాబట్టి మనకి ఇబ్బంది లేదు. 2019 డిసెంబరులో ఆంగ్ మో కియోలో వారానికి 50 లక్షల మగ దోమల్ని తయారుచెయ్యగల కేంద్రం మొదలైంది. టాంపనీస్, యిషూన్‌తో పాటు మా చువా చు కాంగ్‌లో, బుకిత్ బాతోక్‌లో కూడా వాటిని వదిలారు. వదిలిన చోట్ల డెంగీ ముప్పు 70 శాతానికి పైగా తగ్గినట్టు లెక్క తేలింది. మన పిల్లలు లిఫ్టు దగ్గర "మంచి దోమలు" వచ్చాయని చెప్పుకునేది వీటి గురించే.

ఆ దోమలకి ఒక సుఖం ఉంది. మగ దోమ ఎవరినీ వేటాడనక్కరలేదు. పెళ్ళి చేసుకుంటే చాలు, దాని పని అయిపోయినట్టే. నేను చెప్పబోయే పురుగులు అలా కాదు. అవి వేటగాళ్ళు. వేటగాణ్ణి పెంచాలంటే వాడికి రోజూ వేట దొరకాలి. ఇక్కడే అసలు కథంతా ఉంది.

ముందు కొంచెం చరిత్ర. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1880ల్లో నారింజ తోటల్ని ఒక రకం పొలుసు పురుగు నాశనం చేసింది. అది ఆస్ట్రేలియా నుంచి వచ్చి పడింది. అక్కడ దాన్ని అదుపులో పెట్టేవాడెవడో చూసి రమ్మని 1888లో ఆల్బర్ట్ కోబెలే అనే కీటక శాస్త్రవేత్తను పంపారు. ఆయన కనిపెట్టి పంపినవి కొన్ని వందల అక్షింతల పురుగులు. మనం చిన్నప్పుడు అరచేతి మీద నడిపించి ఆడుకున్న జాతిలోవే. తోటల్లో వదిలిన ఏడాది రెండేళ్ళలోనే నారింజ రైతులు తేరుకున్నారు. ముల్లును ముల్లుతోనే తీయాలని మన పెద్దలు ఊరికే అనలేదు. మన దేశానికి కూడా 1898లోనే ఆస్ట్రేలియా నుంచి ఇంకో అక్షింతల పురుగును తెచ్చారు. పేరు క్రిప్టోలేమస్. కాఫీ తోటల కోసం తెచ్చిన ఆ పురుగు పిండినల్లి మీద బాగా పనిచేసి దక్షిణాదిలో స్థిరపడింది.

మిత్ర పురుగుల్ని వాడడంలో రెండు దారులున్నాయి. పరాయి దేశం నుంచి పురుగు వచ్చిపడితే దాని సహజ శత్రువును వెతికి తెచ్చి ఒక్కసారి వదలడం మొదటిది. అది స్థిరపడితే మనకిక పని లేదు. బొప్పాయి పిండినల్లి మన దేశంలో 2008లో కనిపించింది. తోటలకు తోటలు తెల్లబడిపోయాయి. 2010లో ప్యూర్టోరికో నుంచి చిన్న కందిరీగ జాతి పరాన్నజీవిని తెప్పించి, బెంగళూరులో పెంచి, రాష్ట్రాలకు పంచారు. పిండినల్లి అదుపులోకి వచ్చింది. రెండో దారి, మిత్ర పురుగు ఆ ప్రాంతంలో ఉన్నా చాలినన్ని లేనప్పుడు ల్యాబ్‌లో పెంచి, అవసరమైనప్పుడల్లా వదలడం. దీనికి ఎడతెగని పెంపకం కావాలి. నేను పనిచేసింది ఇలాంటి చోటే.

మా ల్యాబ్‌కి ఎవరైనా చూడడానికి వస్తే ముందు నిరాశపడేవారు. అద్దాల గదులు, మిత్ర పురుగుల గుంపులు కనిపిస్తాయనుకుని వచ్చేవారు. కనిపించేవి వరసగా పేర్చిన ప్లాస్టిక్ బేసిన్లు. వాటిలో జొన్న పలుకులు! మూడొంతుల స్థలం, మూడొంతుల మనుషులు ఆ జొన్నల గదిలోనే ఉండేవారు. ఎందుకంటే అక్కడ పెరిగేది మిత్ర పురుగు కాదు, మిత్ర పురుగుకి తిండి. పేరు కార్సైరా. మన ఇళ్ళలో పాత బియ్యంలో, రవ్వలో, జొన్నల్లో గూళ్ళు అల్లి ఉండలు కట్టించే చిమ్మట ఇదే. ఇంట్లో కనిపిస్తే డబ్బా ఎండలో పెడతాం. అక్కడ దానికి సంసారం పెట్టిస్తాం.

పద్ధతి వంటింటి పనిలాగే ఉంటుంది. జొన్నలు పలుకులుగా విరిపించాలి. వాటిలో ముందే ఉన్న పురుగూ బూజూ చావడానికి వేడి చెయ్యాలి. చల్లారాక బేసినుకి రెండున్నర కిలోల చొప్పున పోసి, వేరుసెనగ పలుకుల పొడి, కొంచెం ఈస్టు, చిన్న నల్లులు చేరకుండా కాస్త గంధకం పొడి కలపాలి. పైన అర సీసీ కార్సైరా గుడ్లు చల్లి, గుడ్డ కట్టెయ్యాలి. సుమారు 40 రోజులకి చిమ్మటలు బయటికి రావడం మొదలవుతుంది. రోజూ పొద్దున్నే వాటిని పట్టి, అడుగున జల్లెడ ఉన్న డబ్బాల్లో వేస్తే గుడ్లు కిందకి రాలతాయి. ఆ గుడ్లలో చిమ్మట రెక్కల పొలుసులు కలిసి ఉంటాయి, జల్లించి వేరుచెయ్యాలి. ఆ పొలుసులు ముక్కులోకి పోతే తుమ్ములు, ఆయాసం వస్తాయి. అందుకని మూతికి గుడ్డ కట్టుకోనిదే ఆ గదిలోకి వెళ్ళకూడదు.

జల్లించాక మిగిలేవి గసగసాల కన్నా చిన్న గుడ్లు. ఒక సీసీ కొలతలో 18 నుంచి 20 వేల దాకా ఉంటాయి. వీటిని అలాగే వాడితే కొన్ని పొదిగి కార్సైరా పిల్లలు బయటికొస్తాయి. అందుకని అతినీలలోహిత దీపం కింద ముప్పావుగంట సేపు పెడతారు. గుడ్డు లోపలి పిండం చచ్చిపోతుంది కానీ తినేవాడికి రుచీ బలమూ తగ్గవు. ఈ గుడ్లే ఆ ల్యాబ్‌కి నిల్వ ధాన్యం. అట్ట మీద జిగురు రాసి అంటిస్తే ట్రైకోగ్రామా అనే పరాన్నజీవి వాటిలో తన గుడ్లు పెడుతుంది. అనకాపల్లి వైపు చెరకు రైతులకు తెలిసిన ట్రైకో కార్డు అదే. పురుగు గుడ్డు దశలో ఉండగానే పని ముగిస్తుంది.

ఇప్పుడు వేటగాళ్ళ గదిలోకి వెళదాం. మా దగ్గర ముఖ్యమైనది అల్లికరెక్కల పురుగు. పెద్ద పురుగు చూడడానికి సుకుమారంగా ఉంటుంది. లేతాకుపచ్చ ఒళ్ళు, లేసు అల్లినట్టున్న రెక్కలు, బంగారు రంగు కళ్ళు. తేనె, పుప్పొడి, ఈస్టు ఇస్తే చాలు, బుద్ధిగా గుడ్లు పెడుతుంది. ఒక్కొక్క గుడ్డూ వెంట్రుకలాంటి కాడ చివర నిలబడి ఉంటుంది. వేటాడేది దాని పిల్ల. కొడవళ్ళలాంటి రెండు కోరలతో పేనుబంకనూ, తెల్లదోమ పిల్లల్నీ పట్టుకుని రసం పీల్చేస్తుంది.

చిక్కు ఏమిటంటే, ఆ పిల్లకి తోబుట్టువులంటే కూడా మమకారం లేదు. వందమందిని ఒకే డబ్బాలో వేసి మర్చిపోతే వారం తర్వాత బలిసిన పిల్లలు పది పదిహేను మిగులుతాయి. తక్కినవాటిని ఇవే తినేసి ఉంటాయి. తల్లి గుడ్లను కాడల మీద విడివిడిగా నిలబెట్టడానికి కూడా ఇదొక కారణం. అందుకని రెండు మూడు రోజుల వయసు రాగానే ఒక్కో పిల్లకి ఒక్కో చిన్న గది కేటాయించాలి. గళ్ళు గళ్ళుగా ఉండే పలకలు ఉంటాయి. గడికొక పిల్లను వేసి, దానికింత అని కార్సైరా గుడ్లు చల్లాలి. ఎవరి కంచం వారిదే. ఇదంతా చేత్తో చేసే పని, ఎక్కువగా ఆడవాళ్ళే చేస్తారు. యంత్రంతో సీసాలు నింపినట్టు కుదరదు. మిత్ర పురుగు ఖరీదులో సగం ఈ చేతిపనే.

క్రిప్టోలేమస్ పెంపకం ఇంకా సరదాగా ఉంటుంది. దానికి గుమ్మడికాయలు కావాలి. పక్వానికి వచ్చిన, తొడిమ ఉన్న, గాళ్ళు బాగా లోతుగా ఉన్న ఎర్ర గుమ్మడికాయల్ని కడిగి, కుళ్ళకుండా శిలీంద్రనాశిని నీళ్ళలో ముంచి, ఆరబెట్టి, వాటి మీదకి పిండినల్లిని ఎక్కిస్తారు. రెండు మూడు వారాలకి కాయ అంతా తెల్లగా సున్నం కొట్టినట్టు అవుతుంది. అప్పుడు పంజరంలో పెట్టి అక్షింతల పురుగుల్ని వదిలితే, అవి పిండినల్లి మధ్య గుడ్లు పెట్టి, ఆ పిల్లలు దాన్ని మేసి, నెల తిరిగేసరికి కొత్త తరం బయటికొస్తుంది. మంచి కాయయితే ఒక్కో పంజరానికి 150కి పైగా దొరుకుతాయి. రైతులు బజారుకి తెచ్చిన గుమ్మడికాయల్ని మేము పులుసు కోసం కాకుండా పురుగు కోసం ఏరుతుంటే అమ్మేవాళ్ళు వింతగా చూసేవారు.

పురుగులే కాదు, నల్లులూ ఉన్నాయి. ఇవి మంచంలో నల్లులు కావు, మొక్కల మీద ఉండే సూదిమొనంత నల్లులు. కూరగాయల్ని పీడించే ఎర్రనల్లిని తినే వేట నల్లి ఒకటుంది. నెదర్లాండ్స్‌లో జాన్ కాపెర్ట్ అనే దోసకాయల రైతు, పురుగుమందులు తన ఒంటికి పడక, తన అద్దాల తోటలో ఆ నల్లిని వదిలి చూశాడు. 1967లో దాన్ని పెంచి తోటి రైతులకి అమ్మడం మొదలుపెట్టాడు. అలా మొదలైన కాపెర్ట్ ఇప్పుడు ఈ రంగంలో ప్రపంచంలోని పెద్ద కంపెనీల్లో ఒకటి. అక్కడా సూత్రం అదే. ముందు చిక్కుడు మొక్కలు పెంచాలి, వాటి మీద ఎర్రనల్లిని పెంచాలి, దాని మీద వేట నల్లిని పెంచాలి. మూడు తోటలు నడిపితే ఒక సరుకు వస్తుంది. వేరే రకాల వేట నల్లులకి తవుడులో పెరిగే పిండి నల్లుల్ని తిండిగా ఇస్తారు. తవుడు, తిండి నల్లి, వేట నల్లి అన్నీ కలిపి చిన్న కాగితం పొట్లంలో వేసి మొక్కకి తగిలిస్తారు. ఆ పొట్లంలో సంసారం సాగుతూ, వారాల తరబడి వేటగాళ్ళు ఒక్కొక్కరే బయటికి నడిచి వస్తుంటారు.

ఇది ఎంత దూరం పోగలదో చెప్పడానికి స్పెయిన్‌లోని అల్మేరియా మంచి ఉదాహరణ. అక్కడ వేల హెక్టార్లలో ప్లాస్టిక్ కప్పుల కింద క్యాప్సికం పండించి యూరప్ అంతటికీ పంపుతారు. 2006 చివర్లో జర్మనీలో ఆ కాయల్ని పరీక్షిస్తే, అనుమతి లేని పురుగుమందు అవశేషాలు బయటపడ్డాయి. కొనేవాళ్ళు మొహం తిప్పేసుకున్నారు. అప్పటికే స్విర్‌స్కీ అనే వేట నల్లి బజారులోకి వచ్చి ఉంది. తామర పురుగునూ తెల్లదోమనూ రెంటినీ తింటుంది. కొద్ది ఏళ్ళలోనే అక్కడి క్యాప్సికం రైతులు దాదాపు అందరూ మిత్ర పురుగుల వైపు మళ్ళారు. ధర్మోపన్యాసాలు విని కాదు, సరుకు వెనక్కి వస్తుందన్న భయంతో.

ఇది వింటుంటే మనకి గుంటూరు మిరప గుర్తురాక మానదు. 2021-22లో పరాయి దేశపు నల్ల తామర పురుగు ఆంధ్రలో, తెలంగాణలో మిరప పూతను తినేసింది. రైతులు దొరికిన మందల్లా కొట్టారు, అప్పులపాలయ్యారు. పూవు లోపల దాగిన తామర పురుగు మిగిలింది, దాన్ని తినే చిన్న నల్లులు, వేట పురుగులు ముందు చచ్చాయి. మరి స్పెయిన్‌లాగా ఇక్కడా వదలొచ్చు కదా అని అడుగుతారు. అక్కడ కప్పు ఉంది, వదిలిన పురుగు బయటికి పోదు, పక్క చేను మందు లోపలికి రాదు. మన మిరప ఆరుబయట పంట. పక్క రైతు మందు కొడితే మన పురుగు కూడా పోతుంది. బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ తామర పురుగుల్నీ నల్లుల్నీ తినే ఒక చిన్న వేట పురుగును, బ్లాప్టోస్టెథస్ అనేదాన్ని, కార్సైరా గుడ్ల మీదే పెంచే పద్ధతి తయారుచేసింది. పద్ధతి ఉండడం వేరు, లక్షల ఎకరాలకు సరిపడా పెంచడం వేరు.

ఎందుకు పెంచలేరు అంటే కారణం కుట్ర కాదు, క్యాలెండరు. మందు సీసా కొట్లో రెండేళ్ళు కూర్చున్నా పాడవదు. అల్లికరెక్కల పురుగు గుడ్డు మూడు నాలుగు రోజుల్లో పొదుగుతుంది. రైతు ఈ రోజు వచ్చి అడిగితే రేపు ఇవ్వాలంటే, 40 రోజుల ముందు జొన్నలు పోసి ఉండాలి. పోసి ఉంచాక రైతు రాకపోతే ఆ కష్టమంతా వృథా. నిల్వ ఉండని సరుకు అమ్మడానికి ఏ కొట్టువాడు ముందుకొస్తాడు? అందుకే ఈ పని విశ్వవిద్యాలయాల ల్యాబ్‌ల మీదా, రైతు సంఘాల మీదా ఆధారపడి ఉంది. హైదరాబాదులో రాజేంద్రనగర్‌లో ఉన్న జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ, మిత్ర పురుగుల్నీ శిలీంద్రాల్నీ రైతులే తమ దగ్గర తయారుచేసుకునేలా శిక్షణ ఇస్తుంది.

ఇక మన కోనసీమ సంగతికి వస్తాను. మా పుట్టిల్లు అక్కడే. సర్పిలాకార తెల్లదోమ అనే పురుగు 2016లో పొల్లాచ్చి ప్రాంతంలో కనిపించి, తర్వాత గోదావరి జిల్లాల కొబ్బరికి పాకింది. ఆకు అడుగున తెల్లటి మైనంతో వలయాలు వలయాలుగా గుడ్లు పెట్టి, రసం పీల్చి, తేనెలాంటి జిగురు వదులుతుంది. ఆ జిగురు మీద మసి మంగు పట్టి ఆకులు బొగ్గు పూసినట్టు నల్లబడతాయి. కింద అరటి, కోకో కూడా నల్లగా అయిపోతాయి. చూస్తే తోట చచ్చిపోతోందనే అనిపిస్తుంది.

మా అన్నయ్య ఫోను చేసి "చెల్లాయ్, తోట మసిబారిపోయింది. ఊళ్ళో అందరూ వేరు ద్వారా మందు ఎక్కిస్తున్నారు, పైన కొట్టిస్తున్నారు. నువ్వూ మీ ఆయనా కలిసి కొంత సర్దితే మనమూ కొట్టిద్దాం" అన్నాడు. నేను డబ్బు సంగతి తర్వాత చూద్దాం అన్నయ్యా, ముందు దింపు తీసేటప్పుడు కింది మట్టల ఆకులు నాలుగు కోయించి, అడుగు భాగం బాగా దగ్గరగా ఫోటోలు తీసి పంపమన్నాను. ఆయనకి కోపం వచ్చింది. తోట పోతుంటే ఫోటోలేమిటి అన్నాడు. కానీ పంపాడు.

ఆ ఫోటోల్లో నేను వెతికింది రెండు గుర్తులు. తెల్లదోమ తన ప్యూపా గూడు నుంచి బయటికొచ్చేటప్పుడు పైపొర చీలి, చిరుగులాగా ఉంటుంది. అదే గూట్లో ఎన్‌కార్సియా అనే బుల్లి పరాన్నజీవి పెరిగి ఉంటే, అది సూదితో పొడిచినట్టు గుండ్రటి రంధ్రం కొరికి బయటికొస్తుంది. గుండ్రటి రంధ్రాలు చాలానే కనిపించాయి. ఇక రెండో గుర్తు, ఆకు మీద కదులుతున్న చెత్త కుప్ప. అన్నయ్య దాన్ని చూసి ఇదేదో కొత్త పురుగు అన్నాడు. అది అల్లికరెక్కల జాతిలోనే ఒక రకం పిల్ల. తిన్న తెల్లదోమల డొక్కుల్నీ మైనాన్నీ వీపున మోసుకు తిరుగుతుంది. దాని పేరు అస్టర్. అంబాజీపేటలోని ఉద్యాన పరిశోధన స్థానంలో దీన్నే ల్యాబ్‌లో పెంచి రైతులకిస్తారు. తెల్లదోమకి తెగులు తెప్పించే ఐసారియా అనే శిలీంద్రాన్ని కూడా అక్కడే తయారుచేస్తారు. కొబ్బరిలో ఆకుతేలు, నల్లతల గొంగళి అంటే కోనసీమ రైతుకి ఎప్పటినుంచో తెలుసు. ఆ గొంగళికి బదనికల్ని పెంచి వదలడం అంబాజీపేటకి పాత విద్యే.

అంటే మా తోటలో వేటగాళ్ళు అప్పటికే పనిలో ఉన్నారు. ఆ సమయంలో మందు కొడితే ఏమవుతుంది? యాభై అడుగుల చెట్టు మీద, ఆకు అడుగున, మైనం కింద ఉన్న తెల్లదోమకి మందు సరిగ్గా తగలదు. పైన తిరిగే ఎన్‌కార్సియాకీ అస్టర్‌కీ మాత్రం బాగా తగులుతుంది. తెల్లదోమ మూడు నాలుగు వారాల్లో మళ్ళీ లేస్తుంది, ఈసారి తినేవాడు లేకుండా. అన్నయ్య మందు మానుకున్నాడు. అంబాజీపేట వెళ్ళి అస్టర్ గుడ్లు తెచ్చి కట్టించాడు. చిన్న చెట్లకి నీళ్ళు గట్టిగా కొట్టించి, మసి రాలడానికి పలచటి గంజి పిచికారీ చేయించాడు. ఆ ఏడు దిగుబడి తగ్గింది, అది దాచక్కరలేదు. వానలు పడ్డాక తెల్లదోమ తగ్గింది, కొత్త మట్టలు శుభ్రంగా వచ్చాయి. అందులో వాన వాటా ఎంత, పురుగు వాటా ఎంత అని విడదీసి చెప్పే తూకం నా దగ్గర లేదు. మందుకి పెట్టబోయిన డబ్బు మాత్రం మిగిలింది. ఆ తోటలో మేసే పశువులకీ, ఆ బావి నీళ్ళు తాగే మావాళ్ళకీ మందు పడలేదు.

మిత్ర పురుగు అనగానే అన్నీ మంచివే అనుకోకూడదు. ఆసియా అక్షింతల పురుగు ఒకదాన్ని యూరప్‌లో, అమెరికాలో పేనుబంక కోసం పెంచి వదిలారు. అది అదుపు తప్పి స్థానిక అక్షింతల జాతుల్ని తరిమేసింది. 2004లో బ్రిటన్‌కీ చేరింది. అందుకే ఏ దేశమైనా పరాయి పురుగును తేవడానికి ముందు దిగ్బంధంలో పెట్టి పరీక్షిస్తుంది. ఎవరో అమ్ముతున్నారని అంతర్జాలంలో చూసి సింగపూర్‌కి పురుగుల్ని తెప్పించుకోవద్దు. ప్రభుత్వ అనుమతి లేకుండా బతికున్న పురుగుల్ని తేవడం నేరం. ల్యాబ్‌లో కూడా ఒకే సంతతిని తరాల తరబడి పెంచితే పిల్లలు మందకొడిగా తయారవుతాయి. మేత చేతికందుతుంటే వేట మర్చిపోతాయి. అందుకని అప్పుడప్పుడు పొలం నుంచి కొత్త రక్తం తెచ్చి కలుపుతారు.

ఫోను సేద్యం చేసే శ్రోతలకి నేను చెప్పేది ఇంతే. డబ్బు పంపేముందు నాలుగు ప్రశ్నలు అడగండి. ఏ పురుగో ఎవరు గుర్తుపట్టారు? ఆకు అడుగు ఫోటో ఉందా? అందులో గుండ్రటి రంధ్రాలుగానీ, అక్షింతల పురుగులుగానీ, కాడల మీద గుడ్లుగానీ కనిపిస్తున్నాయా? దగ్గరలోని పరిశోధన స్థానంలో మిత్ర పురుగులు దొరుకుతాయా, ఎప్పటికి ఇస్తారు? దొరికితే చల్లటి పూట తెచ్చి, సాయంత్రం, ఆకు నీడన, చీమలు ఎక్కని చోట కట్టించండి. ముందూ వెనకా రెండేసి వారాలు మందు కొట్టకూడదు. పక్క తోటవారితో మాట్లాడి ఊరంతా కలిస్తే ఫలితం ఎక్కువ. ఎకరంలో ఒక్కరే చేస్తే వేటగాళ్ళు గట్టు దాటి పోతారు.

కారిడార్ కుండీల వారికి ఇంకా తేలిక. పిండినల్లి పట్టిన కొమ్మను నీటి ధారతో కడగండి, ఎక్కువైతే కత్తిరించి సంచిలో మూతి కట్టి పారెయ్యండి. చీమల్ని రానివ్వకండి. తీపి జిగురు కోసం చీమలు పిండినల్లికి కాపలా కాస్తాయి, అక్షింతల పురుగును దగ్గరకి రానివ్వవు. ఇంకొక్క ముఖ్యమైన విషయం. క్రిప్టోలేమస్ పిల్ల కూడా ఒంటినిండా తెల్లటి మైనంతో అచ్చం పిండినల్లిలాగే ఉంటుంది. పెద్దగా, పోగులు పొడుగ్గా ఉండి, చురుగ్గా నడిచేది కనిపిస్తే చిదమకండి. అది మన పక్షం. ఆ కుండీలోని కరివేపాకు పోపులో వేసుకునేది మనమే కదా, దాని మీద ఏం కొడుతున్నామో కూడా చూసుకోవాలి.

మీ తోటల నుంచి వచ్చిన ఆకు ఫోటోలు ఉంటే కార్యక్రమం వారికి పంపండి. గుర్తుపట్టగలిగినవి వచ్చే ప్రసంగంలో చెబుతాను. ఫోటో ఆకు అడుగు వైపునుంచే తియ్యాలి, మర్చిపోకండి. సెలవు. నమస్కారం.